మధ్యలో ఆపే తీగ

“నేనీ మెషిన్ మీద పని చెయ్యను. కావాలంటే నువ్వే చేసుకో,” అంది అక్క, కుర్చీలోంచి కదలకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని.

బైండింగ్ షాపు యజమాని ఆమె సొంత తమ్ముడే. కొత్త కటింగ్ మెషిన్, దాని ముందు ఈ కుర్చీ బిగించి గంటయినా కాలేదు. మొదటి కోతలోనే, కత్తి సగం దిగాక ఆమె ఎర్ర బటన్ నొక్కి చూసింది. కత్తి తన మానాన తాను అడుగుదాకా దిగి, కాగితాల కట్టను తెగ్గోసి, అప్పుడు ఆగింది.

“ఆగిందిగా?” అన్నాడు తమ్ముడు.

“కోశాక ఆగింది. కోశాక ఆగేదానికి బటనెందుకు?”

మెషిన్ బిగించిన ఇంజనీరు నచ్చజెప్పబోయాడు. “లోపల ప్రాసెసర్ అని, మెషిన్‌కి బుర్రలాంటిది ఒకటుంటుందండీ. అది అందరినీ వరసగా అడుగుతూ ఉంటుంది. పెడల్ తొక్కారా? కాగితం సరిగ్గా ఉందా? ఎర్ర బటన్ నొక్కారా? ఇలా సెకనుకి వెయ్యిసార్లు!”

“కత్తి దిగేటప్పుడు?”

“అప్పుడు... దాని ధ్యాసంతా కత్తి మీదే. ఎవర్నీ అడగదు. ఎంతండీ, రెండు సెకన్లు.”

అక్క వేళ్ళు మడిచి లెక్క కట్టింది. “రోజుకి ఎనిమిది వందల కోతలు. కోతకి రెండు సెకన్లు. అంటే రోజూ దగ్గర దగ్గర అరగంట దీనికి చెవుడు. ఇరవై ఏళ్ళుగా కాగితం కోస్తున్నాను. పదివేళ్ళూ పదిలంగా ఉన్నాయి. నీ అరగంట కింద ఏ వేలు జమ వేసుకుంటావురా?”

“నువ్వు కాకపోతే ఇంకొకళ్ళు!” గొంతు పెంచాడు తమ్ముడు.

“పెట్టుకో. వాళ్ళకీ పదే ఉంటాయి.”

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. “అడిగేదాకా కాచుకోకుండా, పనిలో ఉన్నప్పుడే భుజం తట్టి పిలిచే దారి లేదా బాబూ?”

“ఉందండీ. ఒక తీగ ఉంది. దాని మీద కబురొస్తే, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వింటుంది.”

“మరి బటన్ దానికి కలపలేదేం?”

ఇంజనీరు తమ్ముడి మొహం చూశాడు. “ఉన్నది ఒక్కటేనండీ. సారు దాన్ని ఇంకోదానికి కలపమన్నారు.”

“అంతకంటే ముఖ్యమైన పని ఉందిలే,” తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. “ఇంకొక్క కోత చూడక్కా. నా మాట విను.”

ఆమె కొత్త కట్ట పెట్టి, చేతులు వెనక్కి తీసుకుని, పెడల్ తొక్కింది. కత్తి కదిలింది. ఎర్ర బటన్ నొక్కింది. కత్తి దిగుతూనే ఉంది.

“నీకూ నీ మెషిన్‌కీ ఒక దండం!” అంటూ విసురుగా లేచి నిలబడింది అక్క.

కత్తి ఠక్కున గాలిలో ఆగిపోయింది.

తమ్ముడి జేబులో ఫోను షాపంతా వినపడేలా పలికింది:

“కుర్చీ ఖాళీ! అక్క పని మానేసి లేచింది!”