లెక్క రాని పక్షి

డేగకు లెక్క రాదు. ఇద్దరు గుడారంలోకి వెళ్ళి ఒకరు బయటికొస్తే, లోపల ఇంకెవరూ లేరనుకుంటుంది. ఆ బయటికొచ్చే ఒకరు ఎప్పుడూ ఆమే. పదకొండేళ్ళుగా పొద్దున్నే భర్తను, కెమెరాను గుడారంలో దిగబెట్టి, పక్షికి కనబడేలా చేతులూపుకుంటూ కొండ దిగిపోవడం. సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకెళ్ళడం. ఆ మోసానికి మొదలూ తనే, చివరా తనే, అనుకుంటూ ఆమె రాళ్ళదారి ఎక్కుతోంది. ఈ పూట చెప్పెయ్యాలి. ఇవాళ కూడా మింగితే ఆ మాటే తనను మింగేస్తుంది.

కిందటేడు గూట్లో గుడ్లు చల్లారిపోయాయి. తల్లి డేగ వదిలేసి పోయింది. గుడారం మరీ దగ్గరగా వేశానని అతను తననే తిట్టుకున్నాడు. ఈ ఏడు రెండొందల అడుగులు వెనక్కి జరిగాడు. చాలక ఇంకో రెండొందలు. ఇంట్లోనూ అంతే. మంచం ముందుగదిలోకి పోయింది, కంచం కిటికీ దగ్గరికి పోయింది. ఓ రాత్రి ఆమె దుప్పటి కప్పబోతే పక్కకు జరిగాడు.

"నేను దగ్గరగా ఉంటే ఏదీ బతకదు" అన్నాడు.

ఇవాళ పొద్దున ఆమె అడిగింది: "ఇంత దూరానికి ఇంకా ఆ నాటకం ఎందుకండీ? దాని కంటికి మనం చీమలపాటి చెయ్యం."

"అలవాటు."

"సరే, నా వేషం నేను వేసొస్తా."

"వెళ్ళు. వెనక్కి మాత్రం తిరగకు."

గుడారం లోపల కెమెరా చప్పుడవుతోంది. ఠక్. ఆమె తెర ఎత్తలేదు. మొహం చూస్తే చెప్పడం తనవల్ల కాదు. గుడ్డకు వీపు ఆనించి బయటే చతికిలబడింది.

"వింటున్నారా? నాలుగు మాటలు చెప్పాలి."

ఠక్.

"కిందటేడు తప్పు మీది కాదు. మీ కళ్ళజోడు నా సంచీలో ఉండిపోయింది. ఇచ్చిపోదామని సగం దారిలోంచి వెనక్కొచ్చాను. అప్పుడే వాలబోతోంది అది. నన్ను చూసి లేచిపోయింది. మళ్ళీ రాలేదు."

ఠక్.

"కళ్ళజోడు ఇవ్వకుండానే తిరిగి దిగిపోయాను. మీరు మిమ్మల్ని తిట్టుకుంటుంటే పక్కన నిలబడి కాఫీ కలిపాను. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అంటూ ఏడాది గడిపేశాను."

ఠక్.

"తిట్టండి. పోనీ, ఛీ అనండి."

ఠక్.

ఇంత విన్నా గూడే ముఖ్యమా ఈ మనిషికి? చిర్రెత్తుకొచ్చి లేచి తెర ఎత్తింది.

స్టాండు మీద కెమెరా పది సెకన్లకోసారి తనంతట తానే ఫొటో తీసుకుంటోంది. ముక్కాలిపీట మీద ఇంటి తాళంచెవి. వెనకవైపు తెర ముడి విప్పి ఉంది. అవతల వాలులో గడ్డి అణిగిన జాడ బస్సుల రోడ్డు దాకా సాగింది. అణిగిన గడ్డి అప్పటికే మళ్ళీ లేచి నిలబడుతోంది. అతను వెళ్ళి చాలాసేపయింది.

ఇద్దరు వచ్చారు, ఒకరు వెళ్ళారు. లోపల ఒకరున్నారని, లెక్క వచ్చిన ఆమె కూడా నమ్మింది.

కెమెరా వెనక చిన్న తెర మీద తల్లి డేగ రెక్కలు దించుకుని కూర్చునుంది. కింద ఈ ఏటి గుడ్లు రెండు. రేపోమాపో పిల్లలవుతాయి.

పదకొండేళ్ళలో ఆ కొండ మీద ఆమె ఎన్నడూ గొంతెత్తలేదు.

"ఏమండీ!" అని అరిచింది.

బండలు ఆ కేకను ఒకదానికొకటి అందించుకున్నాయి. రోడ్డు వైపు నుంచి ఎవరూ తిరిగి చూడలేదు. గూట్లోంచి డేగ లేచిపోయింది.