తడి గోడ మీద బొట్లు

“సైదా, గా కట్టె కొట్టం ఇగ నీది, నా కొడుకుది. గోడలు పూసుకోండ్రి.”

అత్త సత్తమ్మ నోట ఆ మాట వినగానే సైదమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు.

పెళ్ళయినప్పటి నుంచి గొర్రెల దొడ్డి పక్కన, మామ దగ్గు వింటూ పడుకున్న జంట. ఇప్పుడు నాలుగు టేకు గుంజలు, చుట్టూ తడక గోడలు, తమకంటూ ఒక తలుపు!

తలుపుకు గొళ్ళెం కూడా ఉంది. సైదమ్మ దాన్ని వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. తనలో తనే నవ్వుకుంది.

“నవ్వుడు చాలు తియ్యి. నువ్వు లోపటి దిక్కు పూయి. బయటి దిక్కు నేను పూస్త,” సత్తమ్మ గొంతు తగ్గించింది. “కొత్త కోడలున్నదని దొర గడీల తెలిస్తే ఇడువరు.”

సైదమ్మ నవ్వు ఆగిపోయింది.

పక్కవాడ బిక్షమ్మ కోడలిని అట్లాగే తీసుకుపోయారు. దొరసానికి పనిమనిషి కావాలని గడీ జమేదారు గుర్రమెక్కి వచ్చాడు. పోయిన పిల్ల తిరిగి రాలేదు.

ఇంతలో దొడ్డిలో ఈనే గొర్రె అరిచింది. సత్తమ్మ అటు పరుగెత్తింది.

సైదమ్మ ఎర్రమన్నులో పేడ కలిపి మెత్తుతోంది. తడక అవతల నుంచి ఓ గొంతు వినిపించింది.

“కొత్త కోడలున్నది గీ ఇల్లేనా బిడ్డా?”

సైదమ్మ తడకకు దూరం జరిగింది. “లేదవ్వా. ఈడ కొత్త కోడళ్ళెవ్వరు లేరు.”

“మరి గా కొత్త గాజులు ఎవరియి మోగుతున్నయి?”

సైదమ్మ నాలుక కరుచుకుంది. తడక సందులోంచి చూస్తే ఎవరో ముసలామె. కాళ్ళకు చెప్పులు లేవు. మోకాళ్ళ దాకా దుమ్ము.

“భయపడకు. బయటి గోడ నేను పూస్త.”

అడగకుండానే మన్ను అందుకుంది. అటు ఆమె, ఇటు సైదమ్మ. సందుల్లో ఇద్దరి అరచేతులు తగిలినప్పుడల్లా సైదమ్మకు చక్కిలిగింతలు పెట్టినట్టయింది. మన్ను నిండినకొద్దీ ముసలామె గొంతు దూరమైంది.

“ఇంట్ల పసుపున్నదా? జాజున్నదా?”

“రెండూ ఉన్నయి అవ్వా!”

సైదమ్మ సంబరంగా తలుపు సందులోంచి అందించింది. గడపకు పసుపు, గోడకు జాజు ఎర్రరంగుతో దిద్దిన పూలు. మొగుడు గోపయ్య మందను తోలుకొచ్చి చూస్తే ఏమంటాడో!

కాసేపటికి సత్తమ్మ కేక వినబడింది.

“ఏం పని చేసినవే ముసలిదానా!”

సైదమ్మ తల బయటపెట్టి చూసి గుండెలు పట్టుకుంది.

గోడంతా పసుపు. దాని మీద జాజు బొట్లు, ఒంటి మీద లేచిన పొక్కుల్లాగా. తలుపు పైన వేపకొమ్మ.

అమ్మవారు పోసిన ఇంటికే అట్లా చేస్తారు. ఆ గడప ఎవరూ తొక్కరు.

“కొత్త జంట ఇంటి మీదికి అమ్మను పిలుస్తవానే, బాణామతి దానా!” సత్తమ్మ మట్టిపెల్ల అందుకుని విసిరింది.

అది ముసలామె భుజానికి తగిలింది. ఆమె భుజం దులుపుకుంది.

“తుడువకు బిడ్డా. పొద్దుగూకే దాక ఉండనియ్యి,” అని మాత్రం చెప్పి గుట్ట దారి పట్టింది.

సత్తమ్మ తడిగుడ్డతో రుద్దింది. తడి గోడ జాజును అప్పటికే తాగేసింది. రుద్దినకొద్దీ బొట్లు ఉబ్బాయి.

అప్పుడే గుర్రపు డెక్కల చప్పుడు.

సైదమ్మ లోపలికి దూకింది. గొళ్ళెం వెయ్యబోతే రెండుసార్లు తప్పింది. మన్ను నిండని చిన్న సందుకు కన్ను ఆనించింది.

“కొత్త కోడలేది ముసలీ? దొరసాని తోల్కరమ్మన్నది.”

జమేదారు గొంతు. వెంట ఇద్దరు మనుషులు.

సత్తమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

“అన్నా, ఎనుకకు రా!” వాళ్ళలో ఒకడు అరిచాడు. “అమ్మ పోసిందే! గోడ సూడు!”

సత్తమ్మ ఒక్క క్షణం గోడను చూసింది. తర్వాత కూలబడి ఏడ్చింది. “కోడలు నిన్నటి సంది కండ్లు తెరుస్తలేదు బాంచెన్!”

మనుషులిద్దరూ అప్పటికే వీధి చివర ఉన్నారు.

జమేదారు మాత్రం కదల్లేదు. గోడ దగ్గరికి వచ్చాడు. సైదమ్మ ఊపిరి బిగబట్టింది. అతని వేళ్ళు ఆమె కంటికి బెత్తెడు దూరంలో ఆ బొట్లను తడిమాయి.

“గివి ఎవరు పెట్టిండ్రు?”

“ఎవరో… ముసలామె.”

“ఎటు పోయింది?”

సత్తమ్మ గుట్ట వైపు చెయ్యి చూపించింది. గుర్రం అటే ఉరికింది.

“చంపుతడత్తా! ఆమెను చంపుతడు!” సైదమ్మ ఏడుస్తూ బయటికొచ్చింది.

“గుక్కెడు నీళ్ళన్న ఇయ్యకపోతినే,” సత్తమ్మ నెత్తి కొట్టుకుంది. “పెల్లతోని కొడితినే!”

గోపయ్య మందను విడిచి రొప్పుతూ వచ్చేసరికి ఇద్దరూ గోడ కిందే కూర్చుని ఉన్నారు.

“నేను గుట్ట మీద సీతాఫలం చెట్ల ఎనుకనే ఉన్న. జమేదారు ఆ ముసలామెను అందుకున్నది అంతా చూసిన.”

“కొట్టిండా?”

“లే. గుర్రం దిగిండు. చెప్పులిడిసి ఆమె కాళ్ళు పట్టుకోబోయిండు. ఆమె ముట్టనియ్యలే.”

“ఏమన్నది?”

గోపయ్య గోడ మీది బొట్లను చూస్తూ చెప్పాడు.

“‘నిన్ను కన్నందుకు నాకీ తిరుగుడు తప్పదు కొడుకా, రేపు ఏ ఊరి మీద పడుతవో చెప్పు, ముందుగాల పోయి గోడలు పూస్త’ అన్నది.”