గన్నమ్మ కుంటి కాలు

ఒకరి సంగతులు చెప్పే అలవాటు నాకు లేదు. కానీ ముసలి బాతు గన్నమ్మ సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది.

రెల్లు మడుగులో ముసలి పక్షుల ఆశ్రమం ఉంది. దాన్ని నడిపేది తాబేలు. తన స్నేహితురాలు కొంగ అక్కడే ఉందని, తననూ చేర్పించమని గన్నమ్మ కొడుకుని పోరింది. లేవలేనివాళ్లనే చేర్చుకుంటారనుకుని కొడుకు బుజ్జయ్య ఆమెకు వారం రోజులు కుంటడం నేర్పి తీసుకెళ్లాడు.

"అమ్మ అడుగు తీసి అడుగు వేయలేదు బాబాయ్! తిండి కూడా మేమే పెట్టాలి," అన్నాడు దీనంగా.

"అయ్యో, తన పని తాను చేసుకునేవాళ్లకే ఇక్కడ చోటు నాయనా," అంది తాబేలు.

గన్నమ్మ ముఖం వాడిపోయింది. అంతలో రెల్లులోంచి కొంగ అరిచింది. "ఒసే గన్నీ, నత్తలు అయిపోతున్నాయే!"

గన్నమ్మ కుంటడం మరిచి, తాబేలు వీపు మీదుగా దూకి, అందరికంటే ముందు నత్తల దగ్గర వాలింది.

"చేర్చుకున్నాం," అంది తాబేలు, వీపు మీది బురద కడుక్కుంటూ.

అక్కడి భోజనం రుచి మరిగి బుజ్జయ్య రోజూ అమ్మను చూడటానికి వెళుతున్నాడు. మొన్న మెల్లగా అడిగాడట, "నా పని నేనే చేసుకుంటాను బాబాయ్, నాకూ చోటుందా?" అని.

"మీ ఆవిడని అడిగి చెబుతాను," అందట తాబేలు.