ఎర్రగా కక్కిన పిల్లాడు

"డాక్టరీ సీటు రాలేదని బీయేలో చేరినావు. హిస్టరీ సదివినోళ్లు డాక్టర్లవుతారేటి, ఛీ!" కామేశం చెల్లెలి ఎంట్రన్సు పుస్తకాలు పాతకాగితాలవాడి సంచిలో పడేశాడు.

"బీయస్సీ అయితే సాయంత్రందాకా లాబేనన్నయ్యా. మళ్లీ ఎంట్రన్సుకి సదవడానికి టైముండొద్దా?" అంది లీలావతి.

డాక్టరవ్వాల్సిన పిల్ల రాజుల కథలు చదవడం వదిన సరోజకీ రోతగానే ఉంది. అంతలో ఆమె చంకలో పిల్లాడు ఎర్రగా కక్కేశాడు.

"అమ్మో, రక్తం!" సరోజ కేకేసింది. కామేశం ముక్కు మూసుకుని గుమ్మం దాటేశాడు.

లీల ఒంగి, వేలితో తాకి, వాసన చూసింది. "రక్తం కాదొదినా, బీట్‌రూట్. గోల్‌బజార్‌లో బీట్‌రూట్ కూరి వేయించి అమ్ముతారే, ఆ వెజిటబుల్ చాపు ఎవరు తినిపించినారు?"

"నేనే... ముద్దుగా అడిగితేనూ," బయటినుంచి గొణిగాడు కామేశం.

సరోజ మొగుడికేసి అసహ్యంగా చూసింది.

"ముక్కు వదిలి లోపలికి రండి. ఆ పుస్తకాలు సంచిలోంచి తీసి, దుమ్ము తుడిచి, పిల్ల చేతికియ్యండి."