నెత్తుటి పాటకు కాలనిర్ణయం

“ఆపకండి మామ్మగారూ, రికార్డవుతోంది,” అంటూ హేమశ్రీ ఫోన్‌ను లచ్చమ్మ నోటి దగ్గరగా జరిపింది.

లచ్చమ్మ ఆపలేదు. గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని పాడుతోంది. పాటలో ఒక కుర్రవాడి చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఏటి ఇసుకలో ఈడ్చారు. గడ్డపారతో మోకాళ్ళు విరగ్గొట్టారు. నీళ్ళడిగితే నోట్లో ఇసుక కుక్కారు. చివరికి మెడ మీద గొడ్డలి పడింది. ఒక్క వేటుకు తెగలేదు.

తోడు వచ్చిన సాటి పరిశోధకుడు మణిదీప్ ముఖం తిప్పుకున్నాడు. “నావల్ల కాదు. వినలేను.”

“అయితే పీహెచ్‌డీ మానేసి రాజమండ్రిలో రోజ్‌మిల్క్ కొట్టు పెట్టుకో.”

కొండరెడ్డి గిరిజనుల పాటల మీద హేమశ్రీ థీసిస్ నెత్తుటి పాట అనే ఈ ఒక్క రకం దగ్గరే ఆగిపోయింది. ఇది లేకపోతే చివరి అధ్యాయం లేదు. గడువు నెలాఖరు. వచ్చినప్పుడల్లా లచ్చమ్మ “ఊరికే పాడేది కాదమ్మా, నెత్తురు పడితేనే వచ్చే పాట” అని పంపేసేది. ఇవాళ బస్సు దిగి వచ్చేసరికి తనే చాప చూపించింది. గూడెమంతా పనులు మానుకుని ఆ ముంగిట్లోనే కూర్చుంది.

“మన కోసం ఎంతమంది వచ్చారో!” అని మురిసిపోయింది హేమశ్రీ.

పాట ముగిసింది. ఎవరూ కదల్లేదు.

“వాణ్ణి ఎందుకు చంపారండీ?” హేమశ్రీ లచ్చమ్మను అడిగింది.

“ఏరు తవ్వొద్దన్నాడు.”

“చూశావా?” హేమశ్రీ గొంతు తగ్గించింది. “ఏరంటే వీళ్ళ అడవి. తవ్వడమంటే దోపిడీ. అంతా ప్రతీక.”

“మరి ‘నా మనవడా’ అని ఏడ్చిందిగా?” అన్నాడు మణిదీప్.

“పాడేవాళ్ళు కథలో మనిషిగా మారిపోతారు. పాత పాటల్లో మామూలే. చంపింది తెల్లదొరల సిపాయిలై ఉంటారు. ఏ తిరుగుబాటో, అదే ఏ పితూరీయో తేలితే నా అధ్యాయం అయిపోయినట్టే.”

లచ్చమ్మ ఫోన్ వైపే చూస్తోంది. “ఇందులో ఎక్కింది ఎవరూ చెరపలేరు కదమ్మా?”

“లేరండి.”

“కలెక్టరుగారికి వినిపిస్తావా?”

“ఆయనొక్కడికేంటండీ, దేశమంతా వింటుంది.”

“చంపినోళ్ళ పేర్లు కూడా చెప్పేదా?”

హేమశ్రీ ఎగిరి గంతేసినంత పని చేసింది. “పేర్లు కూడా ఉన్నాయా! చెబుదురుగాని. ముందు కాలం చెప్పండి. ఏ పితూరీ నాటిది మామ్మగారూ ఇది?”

“నిన్నటిది తల్లీ.”