బావి అడుగు ఫొటో

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది కేకేసి చెప్పే సంగతి కాదు.

ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలు చేసే సాయిలు, ఆ రోజు దబీర్‌పురా స్టేషన్ దగ్గర పాత కెమెరాలు అమ్మే కృపాకర్ దుకాణం మెట్టెక్కాడు. భార్య నాగమణమ్మ పోయి రెండు నెలలు. ఇంట్లో ఒక్కడే. చవితి ముంచుకొస్తున్నా చేయి మట్టిలో పెట్టలేదు.

“నీళ్లల్ల ఫొటో తీసే కెమెరా కావాలె బేటా. తక్కువల.”

కృపాకర్ పకపకా నవ్వాడు. “ఏందన్నా, అండమాన్ పోతున్నవా?”

“గౌలిపుర పోతున్న. పోయిన చవితికి మహేశ్వరమ్మోళ్లు మా ఇంటి విగ్రహాన్నే తీస్కపోయి వాళ్ల బావిల వేసిన్రు. సోమవారం ఆ బావి పూడుస్తరంట. ఆలోపల అడుగు చూడాలె. ముప్పై అడుగుల నీళ్లు, దిగుమంటే ఎవ్వడూ దిగుతలేడు.”

ఫోను వేసుకునే ప్లాస్టిక్ సంచి ఒకటి జేబులోంచి తీసి చూపించాడు.

“ముప్పై అడుగుల నీళ్లన్నా! గా సంచిని పిసికి పారేస్తది.” కృపాకర్ అద్దాల బీరువాలోంచి ఎర్రటి కెమెరా తీశాడు. “దీనికి డబ్బా అక్కర్లేదు, గిట్లనే ముంచొచ్చు. ధర వింటే మాత్రం నువ్వే బావిల దూకుతవ్.” అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

సాయిలు పట్టించుకోలేదు. “ఇంకోటి చూపియ్యి.”

చివరికి వాడేసిన చిన్న కెమెరా ఒకటీ, దానికి సరిపడే గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటీ కుదిరాయి.

“పది సెకండ్లకొక ఫొటో దానంతటదే కొడ్తది. ఫ్లాష్ వద్దు, నీళ్లల్ల మురికే మెరుస్తది. నీళ్లల్ల పనిచేసే టార్చి పక్కకు కట్టు. ఈ రబ్బరు రింగు మీద ఒక్క ఎంటిక పడ్డా నీళ్లు లోపలికొస్తయ్. ముందుగాల ఖాళీ డబ్బాల కాగితం పెట్టి ముంచు. కాగితం తడవకుంటెనే కెమెరా పెట్టు.”

“అడుగు సాఫ్‌గ కనబడ్తదా?”

“విగ్రహం కనబడ్తదిలే.”

“ఉంటే ఉన్నట్టు కనబడాలె. లేకుంటే లేనట్టు కనబడాలె.”

కృపాకర్‌కు జాలేసింది. “ప్లాస్టర్‌దైతే ఏండ్లకేండ్లు గట్లనే ఉంటది. మీ ఇంట్ల చేసేటివి మట్టివాయె. ఎప్పుడో కరిగిపోయుంటది గదన్నా! దేనికి ఫికర్?”

సాయిలు డబ్బా మూత తీశాడు, మూశాడు. మళ్లీ తీశాడు.

ఒంటరితనం మనిషి మతి తీసేస్తుందని కృపాకర్ మనసులో అనుకున్నాడు.

ఆదివారం పొద్దున సాయిలు బావి గట్టుమీద కూర్చున్నాడు. డబ్బా తేలకుండా రాయి కట్టి, తాడు వదిలాడు. బర్రెలకు కుడితి పెడుతున్న మహేశ్వరమ్మ నవ్వింది. “ఏంది సాయిలన్నా, చేపలు పడుతున్నయా?” అతను తల ఎత్తలేదు. తాడు నాలుగు దిక్కులా జరుపుతూ, గంటసేపు ఆ నల్లటి నీళ్లలోకే చూశాడు.

డబ్బాలోకి చుక్క కూడా దిగలేదు. మధ్యాహ్నం కృపాకర్ ఫొటోలన్నీ కంప్యూటర్‌లో పెట్టాడు. పచ్చటి నీళ్లు. మెత్తటి బురద. ఎవరిదో స్టీలు చెంబు. విగ్రహం కాదు కదా, తొండం ముక్కైనా లేదు. సాయిలు ఒక్కో ఫొటోనూ రెండుసార్లు చూశాడు.

“చెప్పిన గదన్నా. పోనీతియ్, కెమెరా వాపస్ తీసుకుంట.”

“వద్దు. ఈ బురద ఫొటో పెద్దగ కడిగియ్యి బేటా. ఫ్రేం కట్టియ్యి.”

అంటూనే మెట్టుమీద కూలబడి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. చేతులారా చేసుకున్న దేవుడు కదా, అందుకే ఏడుస్తున్నాడనుకొని కృపాకర్ వీపు నిమిరాడు.

ఈ కథ మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు ఒక్క ముక్క మాత్రం మరవకండి: ఆ విగ్రహం చేసింది సాయిలు కాదు, “వానల్ల ఇంత జల్ది ఎట్ల ఆరింది, మట్టిల ప్లాస్టర్ కలిపినవ్” అని అతను పది నెలలు మాట మానేస్తే, ఆ మాట కోసం చూసి చూసి కన్నుమూసిన నాగమణమ్మ.