పేరున్న నెమలి, చుక్క నెత్తురు

పెరట్లో కోళ్లకు బొబ్బల రోగం తగిలింది. ముసలికోడి పోలాయమ్మ మనవడికి కళ్లు మూసుకుపోయాయి. ఆ రోగం వచ్చి తగ్గిన పక్షి చుక్క నెత్తురిస్తే మందు కనిపెడతానంది గుడ్లగూబ.

ఆ పనికి అండగా ఉంటానని అడవిలో పేరుమోసిన ఆటగాడు నెమలి వచ్చి పురివిప్పి ఆడాడు. పక్షులన్నీ నోళ్లు వెళ్లబెట్టాయి.

"నా పేరు వాడుకోండి," అన్నాడు.

"పేరేం చేసుకోవాలిరా, మందులో నూరుకోవాలా? నెత్తురియ్యి," అంది పోలాయమ్మ.

"నాకెప్పుడొచ్చింది ఆ రోగం?"

"నిన్ను పొదిగింది నేను. ఒళ్లంతా బొబ్బలతో నా రెక్క కిందే మూలిగావు. పేరొచ్చాక ఈ పెరటివైపు తొంగి చూశావా?"

నెమలి మెల్లగా పురి ముడిచి, కాలు చాపాడు.

పోలాయమ్మ గుడ్లగూబతో, "కాస్త గట్టిగానే పొడువమ్మా," అంది.